ఆఫీసుకూ కాలువ గట్టుకూ ఒకే సైకిల్: ఏది కొనాలి?

ప్రశ్న:
విజయవాడ పక్కన పోరంకి నుంచి నగరంలో బెంజి సర్కిల్ దగ్గరున్న ఆఫీసుకు రోజూ సైకిల్ మీద వెళ్ళాలనుకుంటున్నాను. ఒకవైపు సుమారు 8 కిలోమీటర్లు. ఆదివారాలు కాలువ గట్ల మీద మట్టి దారుల్లో తిరగాలని ఎప్పటి నుంచో కోరిక. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 74 కిలోలు. 20 వేల దాకా పెట్టగలను. దుకాణంలో ముందు సస్పెన్షన్, లావు టైర్లు ఉన్న మౌంటెన్ బైక్ చూపించి, గుంతల రోడ్లకు ఇదే మంచిదన్నారు. తీసుకోమంటారా?

జవాబు:
వద్దండీ. నేను మూడేళ్ళు అలాంటిదే తొక్కాను. ఈ ధరలో వచ్చే సస్పెన్షన్‌లో ఉండేది ఒక ఇనుప స్ప్రింగు. ముందు చక్రాన్ని పట్టుకునే మామూలు ఫోర్కు కన్నా బరువు ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కుతూ సీటు మీద నుంచి లేచి తొక్కితే ముందు భాగం కిందికీ పైకీ ఊగుతుంది. మీ బలమంతా బూడిదలో పోసిన పన్నీరే. టైరు మీది పెద్ద గుబ్బలు తారు రోడ్డు మీద చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటాయి.

మీకు కావలసింది సస్పెన్షన్ లేని హైబ్రిడ్ సైకిల్, అంటే రోడ్డు సైకిలుకూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం. అన్నిటికన్నా ముందు టైరు వెడల్పు చూడండి. టైరు పక్కన 40-622 లాంటి అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ కొలత, రెండూ మిల్లీమీటర్లలో. 38 నుంచి 42 మధ్య ఉంటే మీ రెండు పనులూ జరుగుతాయి. 28 ఉన్నది గట్టు మీద చేతులు జివ్వుమనిపిస్తుంది. మీ బరువుకు తారు రోడ్డు మీద 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), మట్టి మీద 40 దాకా గాలి పెట్టి చూడండి. ఆ తేడాయే మీకు సస్పెన్షన్. ఒత్తిడి చూపే గేజి ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

ఫ్రేము 17 అంగుళాలు అడగండి. అయినా కొలతను నమ్మి కొనవద్దు. పైగొట్టానికి రెండువైపులా కాళ్ళు పెట్టి నేల మీద నిలబడితే కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి.

మరొకరు:
గట్ల మీద తిరిగేవాడిగా ఒక మాట. వాన వెలిసిన మర్నాడు నల్లమట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డు కింద ముద్దలా పేరుకుపోతుంది. ఒకసారి నా చక్రం పూర్తిగా బిగుసుకుపోయింది. తుమ్మపుల్లతో గీకి గీకి అరగంటకు కదిలించాను. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

ఇక పల్లేరు కాయలు. ఎండాకాలంలో గట్టు నిండా అవే. పంక్చర్ అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా మెల్లగా వేలితో తడమండి. విరిగిన ముల్లు అక్కడే ఉంటే పది నిమిషాల్లో రెండో ట్యూబూ పోతుంది. మోటారు సైకిలుకు ఉండే లావు వాల్వు ఉన్న ట్యూబులే అడగండి. సన్న వాల్వుకు దారిలోని పంక్చర్ దుకాణాల్లో గాలి పట్టడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:
ఎంతో మేలు చేశారండీ. మరి డిస్క్ బ్రేకులు అవసరమా? 21 గేర్లు ఉన్నదే తీసుకోవాలా?

జవాబు:
డిస్క్ ఉంటే మంచిదే. బురదలో రిమ్ బ్రేకు రబ్బర్లకు ఇసుక పట్టి, రబ్బరూ రిమ్మూ రెండూ అరుగుతాయి. గేర్ల లెక్క పట్టించుకోకండి. మన నేల చదును, వెనక 7 లేదా 8 ఉంటే చాలు. గేర్ల మీద మిగిలిన డబ్బుతో వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు కొనండి. సాయంత్రం బందరు రోడ్డు మీద బస్సుల మధ్య తిరిగి రావాలి కదా, అవి లేకుండా మొదటి రోజు కూడా బయలుదేరవద్దు.