స్లోత్ బేర్ అంటే మెల్లిగా నడిచేదా? మా జీడితోటలో తిరిగేది అదేనా?

కవిటి కుర్రోడు: అందరికీ నమస్తే. మా తోటలో రాత్రిళ్ళు ఎలుగు తిరుగుతోంది, చెదపుట్టలన్నీ తవ్వి పారేసింది, పనసపళ్ళు కూడా ఉంచట్లేదు. ఫారెస్టోళ్ళ కాగితంలో స్లోత్ బేర్ అని ఉంది. మా తమ్ముడు నెట్‌లో స్లోత్ అని కొడితే చెట్టుకి వేలాడుతూ నిద్రపోయే జంతువు వీడియో వచ్చింది, ఇంక ఇంట్లో అందరూ ఓస్ ఇదేనా, ఇది మనల్నేటి సేస్తాది అంటన్నారు. తెల్లారగట్ల జీడిపిక్కలేరడానికి వెళ్ళొచ్చా?

సోంపేట మాస్టారు: రెండూ వేరు బాబూ. ఆ వీడియోలోది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోది, వారానికోసారి చెట్టు దిగితే గొప్ప, బద్ధకానికి ఇంగ్లీషోళ్ళు వాడే మాటే దానికి పేరు. మనది అచ్చంగా ఎలుగే. 1791లో జార్జ్ షా అనే ఆయన దీని పొడుగు గోళ్ళూ, పైన రెండు ముందుపళ్ళు లేకపోవడం చూసి ఆ అమెరికా దానికి చుట్టమనుకుని పేరు పెట్టేశాడు, తర్వాత ఎలుగని తేలినా పేరు మాత్రం పోలేదు. పుట్ట తవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకుని, ఆ పళ్ళ సందులోంచి చెదల్ని సర్రుమని లాగేస్తాది, రాత్రిపూట ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తాది.

పలాస జీడి: మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ అసలు సంగతి ఏటంటే అది మనకంటే జోరుగా పరిగెడతాది, చెట్టూ ఎక్కుతాది. 2022లో మా కిడిసింగి ఊరి వైపు ఏం జరిగిందో ఉద్దానం అంతటికీ తెలుసు, ఎలుగు మీద పడి మనిషి ప్రాణం పోయింది. పుట్ట తవ్వుకుంటూ ఉంటే మనం దగ్గరికొచ్చేదాకా చూసుకోదు, చూసుకున్నాక బెదిరి మీద పడతాది, ఎక్కువగా ముఖం మీదే. అందుకే ఒక్కరే వెళ్ళొద్దు, బాగా తెల్లారాక నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. ఎదురైతే పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి రండి, మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెట్టుకోండి.

కవిటి కుర్రోడు: తోట చుట్టూ కరెంటు తీగ పెడదామంటన్నాడు మా బాబాయి.

సోంపేట మాస్టారు: వొద్దు నాయినా! 1972 చట్టంలో అది షెడ్యూల్ 1 జంతువు, కేసు మెడకి చుట్టుకుంటాది, పైగా చీకట్లో ఆ తీగకి తగిలేది మన మనిషే కావొచ్చు. పండిన పనసలు కోసి ఊళ్ళోకి తెచ్చేయండి, పాకలో తొనలు, తొక్కలు వదిలేయకండి. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద మోస్తూ తిరుగుతుంటే మాత్రం రాళ్ళు రువ్వకండి, ఫారెస్టోళ్ళకి ఫోన్ చెయ్యండి.