మందులకు లొంగని ఫిట్స్: నాలుగేళ్ల బాబుకి కీటో మొదలుపెట్టాలా?

చిన్నోడి అమ్మ: మూడు మందులు మార్చాం. అయినా రోజుకి పదిహేను ఇరవై సార్లు తల వాలిపోతోంది. డాక్టరుగారు కీటో డైట్ అన్నారు, అంటే కొవ్వు బాగా ఎక్కువ, అన్నం లాంటి పిండిపదార్థాలు (కార్బ్స్) బాగా తక్కువ ఉండే తిండి. మా అత్తగారేమో "అన్నం మాన్పించి పిల్లాణ్ణి ఎండగడతారా" అంటున్నారు. చేసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక నాన్న: ఆలస్యం చేయకండి అమ్మా. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్నే మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూడోదో నాలుగోదో పూర్తిగా ఆపేస్తుందన్న ఆశ తక్కువ. 2008లో లండన్‌లో 145 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి డైట్ తిన్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, తిననివాళ్లలో 6 శాతానికే. మా పాపకి అయిదో వారం నుంచి తగ్గాయి.

సిరి వాళ్లమ్మ: మరి మిగతా 62 శాతం? మేం వాళ్లలోనే ఉన్నాం. ఎనిమిది నెలలు చేశాను.

గుంటూరు మిర్చి: ఫాలో అవుతున్నా.

కృష్ణలంక నాన్న: సిరిగారూ, గ్రాముల్లో తూచారా? సిరప్‌లో చక్కెర ఉందేమో చూశారా? చాలామంది అక్కడే తప్పుతారు. మాత్రలకి మార్పించుకోవాలి.

సిరి వాళ్లమ్మ: తూచాను. నాలుగు గ్రాముల కొవ్వుకి ప్రోటీన్, కార్బ్స్ కలిపి ఒక గ్రాము. వెన్న, కొబ్బరినూనె, గుడ్డు, పనీర్. మాత్రలకి కూడా మార్చాం.

ల్యాబ్ బాబాయ్: యూట్యూబ్ చూసి ఎవరూ మొదలుపెట్టొద్దు. ఒంట్లో కొవ్వు వాడుకునే ప్రక్రియలో పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకి ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ముందు రక్తపరీక్షలు తప్పనిసరి. మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు, ఎదుగుదల తగ్గడం కూడా కనిపెట్టుకుని ఉండాలి.

కృష్ణలంక నాన్న: అన్నీ చేస్తే ఎందుకు పనిచేయలేదు? ఇంట్లో ఎవరైనా ఒక లడ్డూ ముక్క పెట్టినా, ఒళ్లు కొవ్వుని వాడుకున్నప్పుడు పుట్టే కీటోన్లు పడిపోతాయి.

సిరి వాళ్లమ్మ: ఇదే మాట! మా ఇంట్లోనూ ఇదే అన్నారు. ఫిట్ వచ్చిన ప్రతిసారీ "ఏం పెట్టావ్?" అని నన్నే అడిగారు. మందు పనిచేయకపోతే మందుని తిట్టారు, డైట్ పనిచేయకపోతే నన్ను తిట్టారు. మా పెద్దది పెరట్లోకెళ్లి బిస్కెట్ తినేది, చెల్లి చూస్తుందని. దానికప్పుడు ఆరేళ్లు.

గుంటూరు మిర్చి: అన్నా, ఇక వదిలెయ్.

కృష్ణలంక నాన్న: తప్పుగా అన్నాను, క్షమించండి. మాకు రెండేళ్లపాటు ఈ డైట్ అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు. ఆ రెండేళ్లలో పాప మాటలు పోయాయి. ఎవరైనా వద్దంటుంటే నాకు ఆ రెండేళ్లే గుర్తొస్తాయి.

సిరి వాళ్లమ్మ: నేను వద్దనడం లేదండీ. ఢిల్లీ ఎయిమ్స్‌లో 102 మంది పిల్లలతో, రోజుకి పది గ్రాముల కార్బ్స్ మాత్రమే ఇచ్చే సులువైన అట్కిన్స్ పద్ధతి పరీక్షించారు. 2013లో ఫలితాలు వేశారు. అక్కడా సుమారు సగం మందికి బాగా తగ్గింది. మా మిగతా సగం సంగతి ఎవరూ మాట్లాడరు, అదే నా బాధ. చిన్నోడి అమ్మా, మూడు నెలల తారీఖు క్యాలెండర్ మీద రాయండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుగారితో మాట్లాడి ఆపేస్తాం, తప్పు ఎవరిదీ కాదు అని మీ ఆయనతో, అత్తగారితో ఇప్పుడే అనిపించండి.

చిన్నోడి అమ్మ: ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను. బుధవారం రక్తపరీక్షలకి తనూ వస్తానన్నారు. తూకం మిషన్ ఏది కొనాలో చెప్పండి.