రక్తదాతల గ్రూపులో నిర్ణయాలు అడ్మిన్లం కాకుండా అందరూ తీసుకోవాలంటే ఎట్లా మొదలుపెట్టాలి?

బురుజుకాడ (కర్నూలు)

అందరికీ నమస్తే. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో రక్తం కోసం జనం పడే అవస్థ చూసి నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి వాట్సాప్‌లో రక్తదాతల గ్రూపు పెట్టినాం. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటు, అది నిండితే రెండోది, అదీ నిండితే మూడోది, చివరికి ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో మాకే తెలియక టెలిగ్రామ్‌కు మారినాం. ఇప్పుడు రెండు వేల మందికి పైనే ఉన్నారు, ఊళ్లోవాళ్లే కాదు, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల వాళ్లు కూడా. అడ్మిన్లం ఐదుగురం.

గుడ్ మార్నింగులు, ప్లాట్ల యాడ్లు, పార్టీల వీడియోలు ఎక్కువైపోయి అసలు రిక్వెస్టు కింద ఎక్కడో పడిపోతోందని పోయిన నెల ఒక రూలు పెట్టినాం. ఇకపై గ్రూపులో అడ్మిన్లే పోస్టు చేయాలి, రక్తం కావాల్సినవాళ్లు మాకు మెసేజ్ పెడితే చూసి వేస్తాం అని. మా ఐదుగురికీ విడిగా ఒక చిన్న గ్రూపు ఉంది, అందులో పది నిమిషాల్లో తేల్చేసినాం, ఎవర్నీ అడగలేదు. నాలుగో రోజు రాత్రి 11:40కి ఒకాయన ఐదుగురికీ మెసేజ్ పెట్టినాడు, కాన్పు కేసు, ఓ నెగటివ్ రెండు యూనిట్లు కావాలి. నా ఫోన్ హాల్లో చార్జింగ్‌కు పెట్టి ఉంది, సైలెంట్‌లో. ముగ్గురు నిద్రలో ఉన్నారు. ఒకాయన చూసినాడు గానీ ఎవరో ఒకరు వేసే ఉంటార్లే అనుకుని పడుకున్నాడు. నేను నీళ్లు తాగడానికి లేచి చూసేసరికి 2:15. అప్పటికి వాళ్లకు వేరే దారిలో రక్తం దొరికింది, తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. పొద్దున ఆయన నుంచి ఒకటే లైను: "ఆ రూలు పెట్టేటప్పుడు మమ్మల్ని ఎవరన్నా అడిగినారా?"

జవాబు ఇవ్వలేకపోయినా. ఇప్పుడు అడ్మిన్లలో ఇద్దరు అన్నీ అందరికీ వదిలేద్దాం అంటారు, ఇద్దరు రెండు వేల మందిని అడిగితే ఏదీ తేలదు అంటారు. పోల్ పెడితే సరిపోతుందా? ఓటు ఎవరికి ఉండాలి, రక్తం ఇచ్చినవాళ్లకా, ఒక్కసారి అవసరం పడి చేరి ఊరుకున్నవాళ్లకు కూడానా?

ఎర్రమట్టి

పోల్ పెట్టు అన్నా, మెజారిటీ ఏదంటే అది. ఇంత టెన్షన్ ఎందుకు.

బురుజుకాడ

అంత సులువైతే ఇక్కడికెందుకు వస్తా తమ్మీ. మగవాళ్లు మూడు నెలలకు ఒకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి మాత్రమే రక్తం ఇవ్వాలి కదా, అర్జెంటు కేసులకు దాన్ని రెండు నెలలు చేద్దామని పోయినేడు ఒకాయన గట్టిగా పట్టుబట్టినాడు, ఆయనకు లైకులు కూడా బాగానే పడినాయి. దాని మీద పోల్ పెట్టమంటావా?

వికీలో పాతకాపు (కడప)

తెలుగు వికీపీడియాలో కొన్నేళ్లుగా రాస్తున్నా కాబట్టి అక్కడ చూసింది చెబుతా. అది 2003 డిసెంబరులో మొదలైంది. అందరికీ సంబంధించిన మాటలు మాట్లాడుకునే పేజీ పేరే రచ్చబండ. ఎవరైనా పోయి చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఎవరు ఏ రోజు ఏమన్నారో చరిత్రలో అట్లాగే ఉంటుంది. నిర్వాహకులు ఉంటారు, పేజీ తొలగించడం, అల్లరి చేసేవాళ్లను ఆపడం లాంటి పనులు వాళ్ల చేతిలో ఉంటాయి. అంతమాత్రాన వ్యాసంలో ఏముండాలో వాళ్లు చెబితే చెల్లదు, అందరితో పాటు వాళ్లూ చర్చలో కూర్చోవాల్సిందే. ఓటు ఉంది గానీ కారణం చెప్పకుండా పడేసిన ఓటుకు బరువు తక్కువ.

మీ విషయంలో నాకు తప్పనిపించింది రూలు కాదు, ఆ చిన్న గ్రూపు. గుడ్ మార్నింగులతో రిక్వెస్టులు మునిగిపోతున్నాయన్నది నిజమైన ఇబ్బందే, అదే మాట అందరి ముందూ పెట్టి ఏం చేద్దామని మూడు రోజులు అడిగి ఉంటే, రాత్రిపూట ఎవరు చూస్తారు అనే ప్రశ్న ఎవరో ఒకరు వేసేవాళ్లు. ఐదుగురికీ తట్టకపోవడానికి కారణం ఐదుగురూ ఇచ్చే వైపు ఉన్నవాళ్లు, అర్ధరాత్రి అడిగే వైపు లేరు. కాబట్టి ముందు ఆ చిన్న గ్రూపులో మాట్లాడేదాన్ని బయటికి తీసుకురండి. ఎవరి ఆరోగ్యం సంగతో ఉంటే తప్ప మిగతాది అందరూ చదివేలా పెట్టండి. ఓటు సంగతి ఆ తర్వాత.

సెనక్కాయల సీమ (అనంతపురం)

పాతకాపు అన్న చెప్పింది బాగుంది గానీ, వికీలో రాసేవాళ్లకు ఓపిక ఉంటుంది, మన గ్రూపుల్లో మూడు లైన్లు దాటితే ఎవరూ చదవరు. ఫేస్‌బుక్ సంగతి గుర్తుందా? 2009లో వాళ్లు రూల్స్ మార్పుల మీద జనానికి ఓటు ఇచ్చారు. ఒక మార్పు మీద ఏడు వేల కామెంట్లు వస్తే ఓటింగు పెట్టాలి, వాడేవాళ్లలో 30 శాతం ఓటేస్తేనే కంపెనీ కట్టుబడాలి. 2012 డిసెంబరులో ఆఖరి ఓటింగు జరిగితే సుమారు 6.68 లక్షల మంది వేశారు, అందులో 88 శాతం వద్దనే. కానీ అప్పటికి వాడేవాళ్లు 100 కోట్లు, కావాల్సింది 30 కోట్ల ఓట్లు. లెక్క చాలలేదని కంపెనీ తను అనుకున్నదే చేసింది, ఆ మార్పుల్లో ఓటు హక్కు తీసేయడం కూడా ఒకటి! ఓటు ఇచ్చినట్టే ఇచ్చి, ఎవరూ అందుకోలేనంత ఎత్తులో పెట్టడం అంటే ఇదే. మీరు కూడా "సగం మంది వేస్తేనే చెల్లుతుంది" అని రాసుకున్నారంటే ఆ గ్రూపులో ఏ పోలూ చెల్లదు, మళ్లీ ఐదుగురే మిగులుతారు.

ఓటు ఎవరికి అన్నారు కదా. రక్తం ఇచ్చినవాళ్లకే అంటే ఆ రాత్రి మెసేజ్ పెట్టిన ఆయనకు ఓటు ఉండదు, అది అన్యాయం. అందరికీ అంటే పోల్ ముందు రోజు వంద మందిని చేర్పించడం మనకు కొత్తా, సొసైటీ ఎన్నికలు చూడలేదా? చేరి మూడు నెలలైన ప్రతి ఒక్కరికీ ఇవ్వండి, చాలు. ఇక్కడ ఒక చిక్కుంది. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది, టెలిగ్రామ్‌లో పేర్లు కనబడకుండా పెట్టొచ్చు. పేర్లు దాస్తే మూడు నెలల లెక్క చూసుకోలేరు, చూపిస్తే మొహమాటానికి అడ్మిన్ చెప్పిన వైపే వేస్తారు. నేనైతే పేర్లు చూపించి, అడ్మిన్ల ఓట్లు ఆఖరి రోజు దాకా వేయొద్దంటా.

ఓ పాజిటివ్ అమ్మాయి (కర్నూలు)

నేను ఈ గ్రూపులోనే ఉన్నా, ఎప్పుడూ నోరు తెరవలేదు, ఎందుకో ఇక్కడ చెబుతా. ఆరుసార్లు రక్తం ఇచ్చా. మూడోసారి ఇచ్చినప్పుడు నా నంబరు పేషెంటు తరఫు వాళ్లకు పోయింది, అందులో ఒకతను నాలుగు నెలలు పొద్దున ఒక పువ్వు బొమ్మ, రాత్రి "తిన్నారా" అని. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. ఇప్పుడు డోనర్ల నంబర్లు లిస్టుగా పెడితే అర్జెంటుకు పనికొస్తుంది అని పోల్ పెట్టారనుకోండి, అవును అనే గెలుస్తుంది. ఓట్లేసేది ఎక్కువ మంది మగవాళ్లు, వాళ్లకు పోయేదేమీ లేదు కాబట్టి. నా నంబరు మీద రెండు వేల మందికి ఓటు ఎట్లా ఉంటుందన్నా?

రక్తం ఇవ్వడానికి మధ్య మూడు, నాలుగు నెలల గ్యాప్ అని బురుజుకాడ అన్న చెప్పారు చూడండి, అదొకటి, రక్తానికి డబ్బు తీసుకోకూడదన్నది ఇంకొకటి (సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 నుంచి మన దేశంలో రక్తం అమ్ముకోవడం నిషేధమే, అయినా "చార్జీలకు" అని ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు), ఎవరి వివరాలు వాళ్ల ఇష్టం అన్నది మూడోది. ఈ మూడింటినీ ఓటుకు పెట్టకూడదని ముందే రాసి పెట్టండి. మిగతావి అందరూ కలిసి చూసుకోవచ్చు. ఇంకో మాట, తల్లీబిడ్డా బాగున్నారని మీరు రాసింది చదివి ఊపిరి పీల్చుకున్నా గానీ, బాగుండకపోతే మీరు ఈ ప్రశ్న ఇక్కడ అడిగేవాళ్లా?

బురుజుకాడ

ఆఖరి మాట నిన్నటి నుంచి మనసులో తిరుగుతానే ఉందక్కా.

నిన్న రాత్రి ఐదుగురం మాట్లాడుకున్నాం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఎవరైనా నేరుగా పోస్టు చేయొచ్చని రూలు సడలించినాం, దీనికి మాత్రం ఎవర్నీ అడగలేదు, అడిగేదాకా ఆగే విషయం కాదు. మా చిన్న గ్రూపు ఉంటుంది గానీ అందులో ఏం అనుకున్నా మరుసటి రోజు పెద్ద గ్రూపులో రాసి పిన్ చేస్తాం. ఒక అడ్మిన్ దీనికి ఒప్పుకోలేదు, మన మాటలన్నీ బయట పెడితే రేపు మనమే దొంగలమైపోతాం అన్నాడు, అలిగి ఇంకా మాట్లాడలేదు. పగటి రూలు మీద వారం రోజులు చర్చ, తర్వాత పోల్, మూడు నెలలైనవాళ్లకు ఓటు, ఎంత మంది వేస్తే అంతే లెక్క. అడ్మిన్లం ఆఖరి రోజే వేస్తాం.

అక్కా, ఓటుకు పెట్టకూడని ఆ మూడింటినీ మీ మాటల్లో నాలుగు లైన్లు రాసిస్తారా? పేరు లేకుండానే పెడతాం. మేం రాస్తే మళ్లీ ఆ ఐదుగురే రాసినట్టు అవుతుంది.