‘పారదో’, ‘ఓపవో’: ధూర్జటి పద్యంలో రెండు ప్రశ్నలు

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాళహస్తిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి మన సమూహంలో అడిగిన సందేహానికి వచ్చిన జవాబులు చదివాక, ఆమెకు ఇవ్వవలసిన సమాధానం ఇవ్వలేదనిపించి కొంత వివరంగా రాస్తున్నాను. ఆమె అడిగినది ధూర్జటి రాసిన శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ఈ పద్యం గురించి. భిక్ష, గుహ, గుడ్డ, ఏటి నీరు, నీ కాపుదల ఉండగా జనం రాజులను చేరబోవడమెందుకు అని దీని భావం.

ఊరూరం జనులెల్ల బిక్ష మిడరో, యుండం గుహల్ గల్గవో,
చీరానీకము వీధులం దొరకదో, శీతామృతస్వచ్ఛవాః
పూరం బేరులఁ బారదో, తపసులం బ్రోవంగ నీ వోపవో,
చేరం బోవుదు రేల రాజుల జనుల్ శ్రీకాళహస్తీశ్వరా!

‘పారదో’ అంటే పారుతుందో పారదో అన్న అనుమానమా అని ఆమె అడిగింది. తుపాను వానలు పడిన కొద్ది రోజులు తప్ప తమ ఊరి ఏరు స్వర్ణముఖి పారగా తాను చూడలేదు కనుక తనకు అలాగే అర్థమైందని కూడా రాసింది. ఒకరు నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఒకరు ‘వ్యాకరణం చూసుకో తల్లీ’ అన్నారు. మరొకరు, ‘నీళ్ల సంగతి స్వామి చూసుకుంటాడు, అందుకే చివరి ప్రశ్న ఓపవో, అంటే కాపాడలేవా, అని పెట్టాడు’ అని తేల్చేశారు. మొదటి ఇద్దరితో నాకు పెద్ద పేచీ లేదు. మూడో జవాబు మాత్రం భక్తి పేరిట పద్యాన్ని తలకిందులు చేస్తున్నది.

ముందు వ్యాకరణం చూద్దాం. ఇడరో, కల్గవో, దొరకదో, పారదో, ఓపవో అనే అయిదూ వ్యతిరేక క్రియలు, వాటి చివర చేరినది ప్రశ్నార్థకమైన ఓకారం. ‘వస్తాడో రాడో’ అని నేడు మనం అనే ఓకారంలో అనుమానం ఉన్నమాట నిజమే. ఇక్కడ ఉన్నది కాకువు, అంటే గొంతు మార్పు వల్ల మాటకు ఎదురు అర్థం రావడం. ‘పారదా ఏమి?’ అని అడిగితే ‘పారుతుంది’ అని వినేవాడే పూరించుకోవాలి. జవాబు అందరికీ తెలిసి ఉన్నప్పుడే కాకువు పండుతుంది. జవాబు తెలియని చోట అది మామూలు ప్రశ్నగా మిగులుతుంది. ఆ అమ్మాయికి జరిగినది అదే తప్ప వ్యాకరణం రాకపోవడం కాదు.

ఇంకొక సూక్ష్మం ఉంది. ‘పారదు’ అనే రూపానికి కాలభేదం లేదు. నిన్న, నేడు, రేపు మూడింటికీ అదే చెల్లుతుంది. అది ఒక సంఘటనను గాక ఏటి స్వభావాన్ని చెప్పే క్రియ. దీనికి మూలమైన భాగవత శ్లోకంలో సంగతి వేరు. ద్వితీయ స్కంధం రెండో అధ్యాయంలో శుకుడు పరీక్షిత్తుతో చెప్పిన శ్లోకం ఇది: ‘చీరాణి కిం పథి న సంతి దిశంతి భిక్షాం నైవాంఘ్రిపాః పరభృతః సరితోఽప్యశుష్యన్, రుద్ధా గుహాః కిమజితోఽవతి నోపసన్నాన్, కస్మాద్భజంతి కవయో ధనదుర్మదాంధాన్.’ ఇందులో ‘అశుష్యన్’ భూతకాల క్రియ. నదులు ఎండిపోయాయా ఏమిటి అని జరిగిపోయిన దాని గురించి అడుగుతున్నాడు. (ధనమదాంధులను కొలవవద్దన్న ఈ మాటలు వింటున్నవాడు ఒక రాజు, అతడికి పాముకాటుతో చావు వారంలో రాసిపెట్టి ఉంది. ఆ సభలో ఈ శ్లోకం ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించదగినది.) పోతన దీనిని తెనిగిస్తూ ‘ఫలరసాదులు గురియవే పాదపములు, స్వాదుజలముల నుండవే సకల నదులు’ అన్నాడు. శుకుడు ఎండిపోయాయా అని అడిగిన చోట పోతన తియ్యని నీళ్లతో ఉండవా అన్నాడు, ధూర్జటి ఇంకొక అడుగు వేసి ఆ నీటికి చల్లదనం, అమృతపు రుచి, తేటదనం, ప్రవాహం అన్నీ ఒకే సమాసంలో కూర్చాడు.

అయితే ధూర్జటి ఒకటి వదిలేశాడు కూడా. శ్లోకంలో భిక్ష పెట్టేవి చెట్లు. అంఘ్రిపము అంటే పాదంతో తాగేది, మన పాదపమే. ‘పరభృతః’ అన్నది చూసి కోకిల అనుకోరాదు. ఒకరి చేత పెంచబడినది పరభృతం, ఒకరిని పెంచేది పరభృత్తు. ఇక్కడిది రెండోది, అంటే పరులను పోషించే చెట్లు. పోతన ఆ చెట్లను నిలుపుకొని, భిక్ష పెట్టే పని పుణ్యసతులకు అప్పగించాడు. ధూర్జటి చెట్లను పూర్తిగా తీసేసి ‘ఊరూరం జనులెల్ల’ అన్నాడు. శేషాచలం అడవి అంచున కూర్చుని ఆ పద్యం చదివేవాడికి ఇది లోటుగానే తోస్తుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ శేషాచలంతో మొదలుకొని పాలకొండలు, లంకమల, వెలిగొండల దాకా ఉన్న తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. దానిని 2021లో అంతరించే ప్రమాదమున్న వృక్షజాతుల జాబితాలోకి చేర్చారు. నరికి దొంగతనంగా తరలించే వాళ్ల ఎదుట ఆ పరభృత్తు పెట్టిన భిక్షకు లెక్క అడిగే కవి లేడు.

ఇప్పుడు మూడో జవాబు సంగతికి వస్తాను. పద్యంలో నాలుగో ప్రశ్న ఏటి గురించి, అయిదో ప్రశ్న దేవుడి గురించి. ఆ రెండూ ఒకే పాదంలో ఉన్నాయి. ‘పూరం బేరులఁ బారదో తపసులం బ్రోవంగ నీ వోపవో’ అన్న పాదంలో శార్దూలానికి యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు, అయిన పదమూడో అక్షరం ‘బ్రో’. అంటే ప్రవాహాన్ని చెప్పే ‘పూ’కూ, స్వామి కాపుదలను చెప్పే ‘బ్రో’కూ కవి యతి కలిపాడు. కవులు యతి కోసం ఏదో ఒక మాట వేస్తారని అనవచ్చు. ధూర్జటి లాంటి చేయి తిరిగినవాడి విషయంలో ఆ మాట అనడానికి నాకు మనసొప్పదు. పైగా అయిదు ప్రశ్నలకూ ఒకటే వాక్యనిర్మాణం, ఒకటే బరువు. అయిదోది మిగతా నాలుగింటికీ పూచీ పడుతుందని చెప్పే మాట పద్యంలో ఎక్కడా లేదు. ఊళ్లో భిక్ష, కొండలో గుహ, వీధిలో గుడ్డ, ఏటిలో నీరు, వీటితో పాటు స్వామి కాపుదల, ఇవన్నీ కలిస్తేనే ‘రాజుల దగ్గరికి పోవడమెందుకు’ అనే ప్రశ్న అడిగే హక్కు వస్తుంది. ‘రాజుల్మత్తులు, వారి సేవ నరకప్రాయంబు’ అని ఇంకొక పద్యంలో అన్న కవికి ఆ హక్కు విలువ బాగా తెలుసు.

నాలుగో ప్రశ్న కూలితే ఏమవుతుందో తిరుపతిలో చూడవచ్చు. తొండవాడ దగ్గర భీమా నది, కల్యాణీ నది స్వర్ణముఖితో కలుస్తాయి. ఆ సంగమానికి దిగువనున్న తిరుపతి తాగే నీళ్లు కల్యాణి డ్యాం నుంచీ, కండలేరు మీదుగా వచ్చే తెలుగుగంగ నుంచీ రావాలి. తెలుగుగంగ అంటే శ్రీశైలం నుంచి కాలువల్లో నడిచి వచ్చే కృష్ణ నీళ్లు. ఇంటి పక్కన ఏరుండగా ఎక్కడి నదినో రప్పించుకోవాలంటే ఒప్పందాలు, ప్రభుత్వాలు, ఇంజనీర్లు, బిల్లులు అన్నీ కావాలి. ఎండాకాలంలో ట్యాంకరు వాడికి ఫోను చేసేవాడు ‘చేరం బోవుదు రేల రాజుల’ అని పాడలేడు. ఏరు పారినంత కాలమే ఈ పద్యంలోని నిర్లక్ష్యం సొగసుగా ఉంటుంది.

స్వర్ణముఖి ఎప్పుడూ ఏడాది పొడవునా నిండుగా పారే నది కాదని ఏర్పేడు వైపు నుంచి ఒక పెద్దాయన నిన్న రాశారు. వారి మాట సబబే. కానీ పైన పారని ఏరు కూడా ఇసుక కింద పారేది. ఎండాకాలంలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఏట్లోకి దిగి, చేతులతో ఇసుక తోడి చెలమ చేసేవారు. మోచేతి లోతు పోయేసరికి గుంట అడుగున తడి నల్లబడి నీరు ఊరుతుంది. మొదట ఊరిన నీరు కలకగా ఉంటుంది కనుక దానిని చిప్పతో తోడి అవతల పారబోస్తే, రెండో ఊట తేరుకుని అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా నిలుస్తుంది, దానిని గుడ్డ వడగట్టి బిందెలో పోసుకుంటారు. శీతము, స్వచ్ఛము అన్న రెండు విశేషణాలూ ఆ గుంటలో ఉండేవి. రైతులు ఇదే ఊటను ఊటకాలువలు తవ్వి పొలాలకు మళ్లించుకునేవారు. వాన వెలిసిన తర్వాత నెలల తరబడి నీటిని పట్టి ఉంచి ఒడ్డున బావులకు మెల్లగా వదిలేది ఆ ఇసుక పొరే. దానిని అడుగు బంకమట్టి తేలేదాకా ట్రాక్టర్లకెత్తి తీసుకుపోతే నీరు నిలవడానికి చోటే ఉండదు. ఇసుక తవ్వకాన్ని అదుపు చేయడానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. దాని పేరులో నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నాయి. ధూర్జటి విడదీసిన చెట్టునూ ఏరునూ శాసనం రాసినవాళ్లు మళ్లీ కలిపారు, అమలు సంగతి ఒడ్డున ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

పారదో అన్నదానికి ఏరు ఇంకొక విధంగానూ జవాబు చెప్పింది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగి, స్వర్ణముఖి గట్లు తెంచుకుని, రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతున్నదని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు ఇక్కడి వాళ్లెవరూ మరచిపోలేదు. డిసెంబరు మొదటి రోజున తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. గాలి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది పట్టగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది, కాబట్టి భూమి వేడెక్కేకొద్దీ ఒక్కసారిగా కుమ్మరించే వానలు ఎక్కువవుతాయి. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కన్నా ఒకటిన్నర డిగ్రీలు దాటిన తొలి సంవత్సరంగా 2024 నమోదైంది. పారడం, పారకపోవడం రెండూ ఆపదలైన కాలానికి ఈ పద్యంలోని క్రియ చాలదు. ప్రవాహమనే ‘పూరం’ ఉంది గానీ ‘శీతామృతస్వచ్ఛ’ లేదు.

పాకాల నుంచి ఒక సోదరుడు, ఏటిని ఇలా పాడు చేయడాన్ని ప్రకృతి ద్రోహం అనవచ్చునా అన్నా అని అడిగారు. వాడుకలో అంటున్నాం, తప్పులేదు. కానీ ద్రోహానికి ధాతువైన ద్రుహకు ‘జిఘాంస’, అంటే చెరపాలనే కోరిక అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం అర్థం చెబుతుంది. ఇసుక ఎత్తే కూలీకి గానీ, ఆ ఇసుకతో ఇల్లు కట్టుకునే మనకు గానీ ఏటిని చెరపాలన్న కోరిక లేదు. మనది కృతఘ్నత. చేసిన మేలును చంపేవాడు కృతఘ్నుడు, అందుకు పగ అక్కరలేదు, మరపు చాలు. కిష్కింధకాండలో వానాకాలం గడిచినా మాట నిలుపుకోని సుగ్రీవుడి మీదికి వచ్చిన లక్ష్మణుడు ‘నిష్కృతిర్విహితా సద్భిః కృతఘ్నే నాస్తి నిష్కృతిః’ అని బ్రహ్మ చెప్పిన మాటగా చెప్పి హెచ్చరిస్తాడు. తక్కిన పాపాలకు ప్రాయశ్చిత్తం ఉంది, దీనికి లేదట. అంత మాట విన్న సుగ్రీవుడు దణ్ణం పెట్టి కూర్చోలేదు, వానరులను నాలుగు దిక్కులకూ పంపాడు.

ఇక ‘అన్నీ స్వామి చూసుకుంటాడు’ అన్న మిత్రులకు మకుటం, అంటే ప్రతి పద్యం చివర వచ్చే ‘శ్రీకాళహస్తీశ్వరా’ అన్న పిలుపు, గురించి ఒక మాట. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. మూడు జంతువులు కొలిచి ముక్తి పొందాయని స్థలపురాణం. అంటే ఈ శతకంలో కవి పిలిచిన ప్రతిసారీ ఆ మూడూ స్వామి పేరులో ముందుగా పలుకుతాయి. మన పలమనేరు, కుప్పం వైపు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు దిగి వచ్చాయి, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చెరకు, వరి తొక్కి రైతును ముంచుతున్నవీ అవే, పొలాల దగ్గర కరెంటు తీగలు తగిలి చస్తున్నవీ అవే. రైతు కోపం నాకు తెలుసు, రాత్రంతా మంచె మీద కాపలా ఉన్నవాడికి స్థలపురాణం వినిపించడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రపంచమంతటా సుమారు 10 లక్షల జీవజాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2019లో ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసే శాస్త్రవేత్తల వేదిక అంచనా వేసిన కాలంలో, హస్తిని మరచి ఈశ్వరుడిని మాత్రమే పిలవడానికి ఈ మకుటం ఒప్పుకోదు.

అమ్మా, నీ పరీక్ష కోసం చివరగా రెండు ముక్కలు. ‘పారదో’కు ‘పారదా? పారుతుంది’ అనే కాకు అర్థమే రాయి, మార్కులు దానికే. సంధి అడిగితే ఏరులన్ అన్న ద్రుతాంతం మీద పరుషం సరళమై ‘ఏరులఁ బారదో’ అయిందని చెప్పు. ‘వాః’ అంటే నీరు, ‘పూరం’ అంటే ప్రవాహం, ఆ సమాసం రెండో పాదం చివర మొదలై మూడో పాదంలోకి దిగింది. చాలామంది పాదం ముగిసిందని ‘వాః’ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటారు, అప్పుడు నీళ్లు ఒక ఒడ్డున, ప్రవాహం ఇంకొక ఒడ్డున పడతాయి. ‘దొరకదో’ దగ్గర ఆగి, అక్కడి నుంచి ‘పారదో’ దాకా ఒకే ఊపిరిలో చదువు.