కారు వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చబోతే పిస్టన్ లోపలికి పోవట్లేదు, సాయం కావాలి

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాది 2018 ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్ డీజిల్ కారు. ముందు ప్యాడ్లు నేనే మార్చుకున్నాను కదా అని వెనకవీ మొదలుపెట్టాను. కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) విప్పి, సి-క్లాంప్‌తో (బిగించి నొక్కే పనిముట్టు) నొక్కితే లోపలి పిస్టన్ కదలట్లేదు. హ్యాండ్ బ్రేక్ లివర్ లేదు, స్విచ్చే. ఇంకా గట్టిగా బిగించనా?

జవాబు: వద్దు తమ్ముడూ, క్లాంప్ వెంటనే వదులు చెయ్యి. కాలిపర్ వెనక వైరు తగిలించిన నల్ల డబ్బా ఉంది చూడు, అది మోటారు. లోపల ఒక స్క్రూని తిప్పుతుంది. స్క్రూ మీదున్న నట్టు ముందుకొచ్చి పిస్టన్‌ని నెడితే పార్కింగ్ బ్రేక్ పడుతుంది. స్విచ్‌తో బ్రేక్ వదిలినా ఆ నట్టు కొంచెమే వెనక్కి జరుగుతుంది. నీ పిస్టన్ దానికి తగులుకుని ఆగింది. బలం పెడితే స్క్రూ, గేర్లు దెబ్బతింటాయి. ప్యాడ్లతో పోయేది కాలిపర్ మార్చేదాకా వస్తుంది.

మొదట పాత ప్యాడ్లతోనే కాలిపర్ బిగించెయ్. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టు, ఎందుకంటే ఇప్పుడు పార్కింగ్ బ్రేక్ ఉండదు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వెనక ప్యాడ్లు మార్చే సర్వీస్ మోడ్ నడుపు, అది నట్టుని పూర్తిగా వెనక్కి తెస్తుంది. రెండు వైపులా మోటార్లు తిరిగిన చప్పుడు వినపడాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే మధ్యలో ఆగిపోతుంది, ఛార్జర్ తగిలించుకో. ఆ తర్వాత కాలిపర్ మళ్లీ విప్పి, పిస్టన్‌ని నిదానంగా, తిన్నగా నొక్కు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, ఓ కన్నేసి ఉంచు.

ప్రశ్న: స్కానర్ లేదన్నా. మోటారు విప్పి చేత్తో స్క్రూ తిప్పేస్తే చాలంటున్నాడు మా వీధి మెకానిక్.

జవాబు: నట్టు వెనక్కి వస్తుంది, నిజమే. కానీ కొత్త ప్యాడ్లు ఎంత మందమో కారుకి తెలియాలిగా, దానికి మళ్లీ స్కానరే కావాలి. మోటారు దగ్గర సీలు సరిగ్గా కూర్చోకపోతే వానాకాలంలో నీళ్లు దూరతాయి. ఎవరిదగ్గరైనా ఒక్క పూట అడిగి తెచ్చుకో. కాలిపర్ ఊడి ఉండగా మాత్రం ఆ స్విచ్ ఎవరూ ముట్టుకోకూడదు, ఇంట్లో పిల్లలుంటే తలుపులు వేసెయ్.

ప్రశ్న: స్నేహితుడి స్కానర్ తెచ్చాను. ఈసారి పిస్టన్ తేలిగ్గా వెళ్లింది, రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేసేశాను. ఇప్పుడు బండి కదిలించొచ్చా?

జవాబు: ఆగు. బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా మెల్లగా తొక్కు, లేకపోతే మొదటి బ్రేక్ అస్సలు పట్టదు. అప్పుడు స్కానర్‌లో సర్వీస్ మోడ్ మూసి, క్యాలిబ్రేషన్ (కొత్త ప్యాడ్ల మందం కారుకి తెలిపే పని) చేసి, స్విచ్ రెండు మూడుసార్లు వేసి తీసి చూడు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం లేకపోతే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోనివ్వు.