సెక్షన్ 63లో ‘పార్ట్ బి’ సంతకం: సిక్కోలు చిన్న దావాకి అవసరమా, అదనపు బరువా?

నాగావళి గట్టు:
2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది కదా. వాట్సాప్ చాట్ గానీ, సీసీ కెమెరా ఫుటేజీ గానీ, ఫోన్ రికార్డింగ్ గానీ కాపీ తీసి కోర్టులో వెయ్యాలంటే సెక్షన్ 63(4) ప్రకారం షెడ్యూల్లో ఉన్న ధ్రువపత్రం ఫారం నింపాలి. పార్ట్ ఎ మీద ఆ ఫోన్ ఎవరి అధీనంలో ఉందో వాళ్ల సంతకం, పార్ట్ బి మీద నిపుణుడి సంతకం. పాత ఎవిడెన్స్ చట్టంలోని 65బి కింద ఒక్క సంతకంతో పనైపోయేది.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి వాట్సాప్ ఆర్డరు మీద రెండు లక్షల సరుకు పంపాడనుకుందాం. కొన్నవాడు అడ్డం తిరిగాడు. దావాకి కోర్టు ఫీజు, ప్లీడరు ఫీజు ఎలాగూ తప్పవు. వాటికి తోడు ఇప్పుడు నిపుణుడి వేట. సోంపేటలోనో పాలకొండలోనో ఆ నిపుణుడు ఎవరు? సెక్షన్ 63లో నిర్వచనమే లేదు. హత్య కేసుకీ చేబదులు దావాకీ ఒకటే ఫారం పెట్టడం తప్పంటాను. చిన్న సివిల్ దావాలకి పార్ట్ ఎ సరిపోవాలి.

టెక్కలి వకాల్తా:
ఒప్పుకోను సార్. దొంగ స్క్రీన్‌షాట్ తయారు చెయ్యడానికి పది నిమిషాలు చాలు. ఇంకో సిమ్ముకి అవతలివాడి పేరు, ఫొటో పెట్టి, ఇద్దరి మాటలూ ఒక్కడే టైపు చెయ్యొచ్చు. చిన్న దావాలో ప్రతివాదికి దాన్ని ల్యాబ్‌కి పంపించే స్తోమత ఉండదు. కాబట్టి సాక్ష్యం వేసేవాడి మీదే బరువు ఉండాలి.

నిపుణుడు దొరకడన్నది కూడా సగమే నిజం. ఐటీ చట్టం 79ఎ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ఎలక్ట్రానిక్ సాక్ష్యాల ఎగ్జామినర్ ప్రస్తావన ఉన్నది సాక్ష్య అధినియమం సెక్షన్ 39(2)లో. 63(4) ఆ ఎగ్జామినరే కావాలని అనలేదు. 39(1) చూస్తే, ఆ విద్యలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాడు నిపుణుడే. కంప్యూటర్ సైన్సు లెక్చరరు సంతకం పెట్టినా వాదించి నిలబెట్టొచ్చు. అర్హత, అనుభవం రాసిన కాగితం మాత్రం జత చెయ్యాలి, క్రాస్‌లో, అంటే ఎదుటి ప్లీడరు అడిగేటప్పుడు, మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

ధ్రువపత్రం లేదని దావా ఆ రోజే కూలిపోదు కూడా. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి అది తప్పనిసరి అంటూనే, విచారణ ముగిసేలోపు కోర్టు తెప్పించవచ్చంది. ఇవ్వాల్సినవాడు ఇవ్వనంటే కోర్టు చేత ఆర్డరు వేయించుకోవచ్చు. పాత 65బి మీద తీర్పే గానీ, వాదనకి పనికొస్తుంది.

డీవీఆర్ మెకానిక్:
వాదన మీది, తిప్పలు మావి. ఫారంలో హ్యాష్ విలువ, అంటే ఫైలు లోపలున్నదాన్ని బట్టి కంప్యూటరు లెక్కకట్టి ఇచ్చే వేలిముద్ర లాంటి అక్షరాల వరస రాసి, హ్యాష్ రిపోర్టు జతపెట్టాలి. పని చెడేది అక్కడే.

ఫైలు ఎంత పెద్దదైనా ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో కట్టిన విలువ 64 అక్షరాలే. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ‘గెట్-ఫైల్‌హ్యాష్’ కమాండు పక్కన ఫైలు ఎక్కడుందో ఇస్తే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు. ఫైలు పేరు మార్చినా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా విలువ మారదు. లోపల ఒక్క అక్షరం కదిలిందా, మొత్తం వరసే మారిపోతుంది.

వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, అవతల దిగేది వేరే ఫైలు. ప్లీడరు గారికి పంపాలంటే ‘డాక్యుమెంట్’గా పంపండి. చాట్ ఎక్స్‌పోర్ట్ ఒక్కసారే తీసి, ఆ ఫైలుకే హ్యాష్ కట్టి దాచాలి. మర్నాడు అదే చాట్ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే విలువ కలవదు, ‘మధ్యలో మార్చావు’ అంటారు. ఇంకోటి, ఎక్స్‌పోర్ట్‌లో నంబరు కాదు, మీరు సేవ్ చేసుకున్న పేరు వస్తుంది. ‘శెట్టి గారు’ అని ఉంటే ఏ శెట్టి? నంబరు కనబడే కాంటాక్ట్ పేజీ విడిగా తియ్యాలి.

ఇక డీవీఆర్, అంటే సీసీ కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె సంగతి. నాలుగు కెమెరాలు, ఒక్కోటి సెకనుకి 2 మెగాబిట్లు చొప్పున రాస్తే రోజుకి 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకి నిండి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటుంది. లాయరు నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు జవాబు కోసం చూసి, అప్పుడు ఫుటేజీ అడిగితే ఏమీ మిగలదు. తీసే ముందు డీవీఆర్ టైమూ ఫోన్ టైమూ ఒకే ఫొటోలో పట్టండి. ఏడు నిమిషాలు తేడా ఉంటే ఉన్నట్టే రాయాలి, గడియారం సరిచెయ్యకూడదు. కంపెనీ సొంత ఫార్మాట్‌లో దిగిందే దాచాలి. ఎంపీ4 చేస్తే అది ఇంకో ఫైలు, ఇంకో హ్యాష్.

గంటస్తంభం:
ఇన్ని చెప్పారు గానీ అసలు ముక్క ఒగ్గీసారు. హ్యాష్ కట్టిన తరవాత ఫైలు మార్లేదనే అది చెప్తాది. అంతకు ముందు ఏటయిందో దానికి తెల్దు. ఏఐతో గొంతు తయారు చేసి, దానికి హ్యాష్ కట్టి, నిపుణుడి సంతకం పెట్టిస్తే అబద్ధానికి రాజముద్ర పడినట్టే. పార్ట్ బిలో ఆయన రాసేది ఏ పరికరం, హ్యాష్ ఎంత, ఏ పద్ధతిలో కట్టాడు అన్నదే. గొంతు అసలుదా నకిలీదా అన్న గడే నేదు.

పైగా ఫారంలో ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత హ్యాష్ పద్ధతులకీ కూడా టిక్కు పెట్టుకోవచ్చంట! ఒకే విలువ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లు ఎండీ5కి 2004లోనే చూపించారు, ఎస్‌హెచ్‌ఏ-1కి 2017లో. 2023లో రాసిన చట్టానికి అవెందుకో మరి.

టెక్కలి వకాల్తా:
సాక్ష్యం స్వీకరించడం వేరు, నమ్మడం వేరు. సెక్షన్ 63 మొదటిదానికే. నకిలీ అవునో కాదో తేలేది క్రాస్‌లో, అవసరమైతే ల్యాబ్‌లో. హ్యాష్ గొడవంటారా, ఎస్‌హెచ్‌ఏ-256కే టిక్కు పెట్టండి.

నాగావళి గట్టు:
అయితే మీరు నా వైపుకే వచ్చినట్టు. పార్ట్ బి నకిలీని పట్టదు. ఆ 64 అక్షరాలు ఎవరు కట్టినా ఒకటే వస్తాయి, ప్రతివాది కూడా నిమిషంలో సరిచూసుకోవచ్చు. ఇక నిపుణుడు కొత్తగా చెప్పేదేముంది?

ఇంకో దారి ఉంది. సొంతదారే బోనెక్కి అసలు ఫోన్ చూపిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని ఆ 2020 తీర్పే అంది.

టెక్కలి వకాల్తా:
అనడం నిజమే. కానీ కొత్త సెక్షన్ 57 సరైన కస్టడీ నుంచి వచ్చిన రికార్డుని ప్రాథమిక సాక్ష్యం అంటూ, ‘వివాదం లేకపోతే’ అని మెలిక పెట్టింది. ప్రతివాది తన జవాబు పత్రంలో (రిటన్ స్టేట్‌మెంట్) కాదన్నాడంటే వివాదమే. ఫోను ఎగ్జిబిట్‌గా మార్కయితే కోర్టులోనే ఉండిపోవచ్చు కూడా.

డీవీఆర్ మెకానిక్:
ఫోను కోర్టులో ఇచ్చేసి, అదే నంబరుతో కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిచారా, పాత ఫోన్‌లో లాగౌట్ అయిపోతుంది. హాల్లో తెరిచేసరికి చాట్ కనబడదు, నంబరు వెయ్యమంటుంది. కాబట్టి రోజువారీ పనికి వేరే నంబరు తీసుకోవాలి. డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో అన్నిటికంటే ముందు చూసుకోండి, పెట్టుకున్న గడువుని బట్టి 24 గంటలు, 7 రోజులు, 90 రోజుల్లో మెసేజీలు వాటంతట అవే పోతాయి.

గంటస్తంభం:
రెండు లక్షలకి ఇంత బాగోతమా బాబూ! ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి, దావా వెయ్యకముందే లోక్ అదాలత్‌కి తీసుకెళ్లండి. కోర్టు ఫీజు నేదు, రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం. కుదరకపోతే జీఎస్టీ ఇన్వాయిసు, లారీ రసీదు ముందు పెట్టండి. అడ్వాన్సు ఎంతో కొంత బ్యాంకులో పడుంటే, ఆ స్టేట్‌మెంటు మీద 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం సెక్షన్ 2ఎ కింద మేనేజరు ధ్రువపత్రం అడగండి. అవి గట్టిగా ఉంటే చాట్ మీద అంత ఆధారపడక్కర్లేదు.

నాగావళి గట్టు:
లోక్ అదాలత్‌కి అవతలివాడు రాకపోతే ఈడ్చుకురాలేరు. చేతిలో చాట్ తప్ప ఏమీ లేనివాడి గురించే నా ప్రశ్న. ఆ ఒక్కడికీ పార్ట్ బి అడ్డుగోడే.

టెక్కలి వకాల్తా:
చట్టం మార్చేదాకా గోడ ఎక్కాల్సిందే సార్. ప్రతివాది వైపు ఉండేవాళ్లకి ఒక మాట: 2017లో సోనూ కేసులో సుప్రీంకోర్టు, ధ్రువపత్రం లేదన్న అభ్యంతరం అప్పీల్లో మొదటిసారి లేవనెత్తితే వినమంది. అభ్యంతరం ఆ కాపీని ఎగ్జిబిట్‌గా మార్కు చేసే రోజే చెప్పి, డాకెట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) రాయించుకోండి.