డిసెంబరాల ఊదా రంగు మట్టిరంగుగా మారిపోతోంది, ఏం చేయాలి?

మేడమీది తోట:
ఈ చలికాలం మా డాబా మీద కుండీల్లో ఏది పూస్తే అది, తేదీ వేసి నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంటున్నాను. బంతి, చామంతి బాగానే వచ్చాయి, డిసెంబరాల దగ్గర ఆగిపోయాను. ఎరుపు, నీలం వాటర్ కలర్స్ కలిపితే ఊదా రావాలి కదా, మూడుసార్లు కలిపినా తడిసిన ఇటుకపొడిలా వస్తోంది. పైగా పొద్దున్నే మంచులో కూర్చుంటే రంగు ఎంతకీ ఆరదు, కాగితం ముడతలు పడుతోంది. పూత అయిపోయేలోగా ఒక్క పేజీ అయినా సరిగ్గా రావాలని ఉంది.

రంగుల డబ్బా:
మీ ఎరుపు వెర్మిలియన్ అయి ఉంటుందండీ. అందులో పసుపు ఛాయ ఉంటుంది, నీలం తగలగానే మట్టిరంగులోకి తిరుగుతుంది. క్రిమ్సన్ అనే ఎరుపులో అల్ట్రామెరీన్ నీలం కలపండి. ప్రష్యన్ బ్లూ వద్దు, అది ఆకుపచ్చ వైపు లాగుతుంది. ముందు క్రిమ్సన్ పల్చగా కలుపుకుని, కుంచె మొనతో నీలం కొద్దికొద్దిగా చేర్చండి. రేకంతా ఒకే ఊదా ఉండదు, ఎక్కడ ముదురో చూసుకుని తడి ఆరకముందే అక్కడ ఓ చుక్క తాకిస్తే అదే పాకుతుంది. చవక రకం క్రిమ్సన్ ఎండకు వెలిసిపోతుంది కానీ మూసిపెట్టే పుస్తకంలో భయం లేదు.

నీటిచుక్క:
నోట్‌బుక్ కాగితం నీళ్లకు ఆగదు. నేనైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాగితం ముక్క మీద వేసి, ఆరాక పుస్తకంలో అంటిస్తాను. పొద్దున పెన్సిల్‌తో గీసుకుని, రంగు ఎండెక్కాక వేయండి. మంచు చుక్కలు కావాలంటే మెరుపున్న చోట కాగితాన్ని తెల్లగా వదిలేయండి. చుక్కలో వెలుతురు పడే వైపు ముదురుగా, ఎదుటి వైపు లేతగా వేస్తేనే అది నీటిబొట్టులా కనిపిస్తుంది, చాలామంది తిరగేసి వేస్తారు.

మిషిగన్ నుంచి:
ఇక్కడ ఇప్పుడు పువ్వన్నదే లేదు. ఆకులు రాలిన రెడ్ ట్విగ్ డాగ్‌వుడ్ అనే పొద కొమ్మలు మంచులో కుంకుమరంగులో నిలబడతాయి, కారులో కూర్చుని అవే వేస్తున్నా. బయట వేస్తే రంగు కాగితం మీదే గడ్డకట్టి గాజుపువ్వుల్లా గీతలు పడతాయి. మీరు పూలు రాలాక కూడా ఆపకండి. డిసెంబరాల పువ్వు కింద అంచంతా ముళ్లుగా ఉండే చిన్న ఆకులుంటాయి చూడండి, అమ్మమ్మ మాల కడుతుంటే నా వేళ్లకు గుచ్చుకునేవి. ఎండాక వాటి ఈనెలు ఇంకా బాగా కనిపిస్తాయి.

మేడమీది తోట:
డబ్బా చూశాను, వెర్మిలియనే. క్రిమ్సన్‌తో ఇప్పుడే కలిపాను, పువ్వు పక్కన పెట్టి చూస్తే దాదాపు అదే రంగు! చాలా థాంక్సండీ. ఆ ముళ్ల ఆకులు రేపు వేస్తా.